ప్రహ్లాదకథ – రూపాంతరములు : రాష్ట్రేతరాంధ్రుల కృషి

మన దేశభాషలలో ప్రహ్లాదుని కథ చెప్పని భాష అరుదు. తెలుగువారికి మాత్రము ఆ కథ అనగానే బమ్మెర పోతన జ్ఞప్తికి వచ్చును. 14వ శతాబ్దిలో ఎఱ్ఱాప్రెగడ నృసింహపురాణమున దీనిని కావ్యముగా సంతరించెను. 15వ శతాబ్దిలో పోతన ఆంధ్రమహాభాగవత సప్తమస్కంధమున దీనిని ఇంటింటి కథగా చేసెను. అక్షరము నేర్వనివారు సైతము అందలి పద్యములను అప్పగింపగలిగిన కాలము నిన్నమొన్నటిదే.

పోతన తరువాత ఐదువందల యేండ్లకు పైబడిన కాలములో ఈ కథ ఎన్ని రూపములు ధరించినదో పరిశీలించినచో ఒక విశేషము కానవచ్చును. గ్రంథమునుండి రంగస్థలమునకు, రంగస్థలమునుండి వెండితెరకు, అచటినుండి బొమ్మల పుస్తకమునకు ఇది సాగించిన ప్రయాణములోని ముఖ్యమైన మజిలీలు పెక్కు నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ఎల్లలకు వెలుపలనే యున్నవి. మేలట్టూరు, తిరువయ్యారు, బళ్ళారి, బొంబాయి, మద్రాసు – ఇవి ఆ మజిలీలు. స్వరాష్ట్రమునకు దూరముగా నున్న తెలుగువారు ప్రాచీనకావ్యమును దాచుకొనుటతో తృప్తిపడక దానికి క్రొత్త రూపములు కల్పించిరని చూపుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

తమిళనాట అల్పసంఖ్యాకభాషాపాఠశాలలో తెలుగు బోధించువాడనగుటచే నాకిది గతకాలపు ముచ్చట మాత్రము కాదు. తమిళమును అన్ని పాఠశాలలలో క్రమముగా నిర్బంధపాఠ్యము చేసిన 2006 నాటి చట్టము తరువాత తెలుగునకు దక్కెడి పాఠవేళలు తగ్గినవి. మా బాలబాలికలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు. వినిన కథను చక్కగా గ్రహింతురు. అచ్చుపుటను ముందుంచినచో తడబడుదురు. వీరికి పురాణకథలను బొమ్మలతో, నేటివారు గ్రాఫిక్ నవల యనుచున్న రూపములో, ఇయ్యవచ్చునా? ఇచ్చినచో అది ఎట్టిదై యుండవలెను? పెద్దలలో కొందరు ఇది సాహిత్యమునకు చేటు అందురు. కొందరు భాషను నిలుపుటకు ఇదియొక్కటే దారి యందురు. ఈ ప్రశ్నకు మన పూర్వులు చేతలతోనే సమాధానము చెప్పియున్నారని నా నమ్మకము.

మేలట్టూరు భాగవతమేళము

తంజావూరు నాయకరాజైన అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణకుటుంబములకు అగ్రహారముగా నొసగిన గ్రామము ఆయన పేర అచ్యుతపురమై, నేడు మేలట్టూరను పేర ప్రసిద్ధమై యున్నది. 1673లో నాయకరాజ్యము అంతరించి మరాఠారాజులు వచ్చినను అచట తెలుగునకు ఆదరము తగ్గలేదు. 1684 మొదలు 1712 వరకు ఏలిన శాహజీ తాను మహారాష్ట్రుడై యుండియు తెలుగున యక్షగానములు రచించెను. ఆ వాతావరణమున పెరిగిన సంప్రదాయమునకు చెందినవాడు మేలట్టూరు వేంకటరామశాస్త్రి. ఆయన రచించిన భాగవతమేళ నాటకములలో ప్రహ్లాదచరిత్రము అగ్రగణ్యము. నృసింహజయంతి సందర్భమున వరదరాజస్వామి సన్నిధి వీధిలో దీనిని రాత్రివేళ ప్రదర్శించుట ఆచారము. స్త్రీపాత్రలను పురుషులే ధరించుట పూర్వమర్యాద.

పఠనమునకై పుట్టిన కథ ఇచట ప్రదర్శనమునకై మారినది. కావ్యమున కవి పాత్రను వర్ణించును. ఇచట ప్రతి పాత్రయు ప్రవేశదరువుతో నాడుచు వచ్చి తన్ను తాను పరిచయము చేసికొనును. పోతన కావ్యమున లీలావతికి చోటు పరిమితము. ఇంద్రుడు గర్భవతియగు ఆమెను చెరపట్టుట, నారదుడు విడిపించి తన ఆశ్రమమున కాపాడుట, ఆమె వినిన ఉపదేశము గర్భస్థశిశువునకు అబ్బుట – అంతవరకే ఆమె కథ. మేలట్టూరు నాటకమున భర్తకును కుమారునకును నడుమ నలిగిపోవు తల్లిగా ఆమె ప్రధానపాత్ర యైనది. రూపము మారినపుడు కథలోని మరుగుపడిన భాగము వెలుగునకు వచ్చుటకు ఇది మంచి యుదాహరణము.

మరి నరసింహుడు? పోతన దీర్ఘమైన వచనముతో వర్ణించిన ఆ యావిర్భావమును వారు ఒక్క ముఖకవచముతో సాధించిరి. అది పూజలందుకొను కవచము. దానిని ధరించువాడు ఉపవాసముండును. వేషధారికి ఆవేశము కలుగునని నమ్మి అతనిని ప్రక్కలనుండి పట్టుకొని నిలుతురు. వందల మాటల పని ఒక కవచము చేసినది. అయినను తండ్రి ప్రశ్నించుట, కుమారుడు ప్రత్యుత్తరమిచ్చుట మాత్రము తెలుగు మాటలోనే, తెలుగు దరువులోనే నిలిచియున్నవి.

ఇచట గమనింపవలసిన సంగతి మరియొకటి. ఆ నటులలో పెక్కుమందికి నిత్యవ్యవహారము తమిళముననే. దరువులను, సంభాషణలను తమిళలిపిలో వ్రాసికొని కంఠస్థము చేయువారును కలరు. లిపి మారినది, వాక్కు మారలేదు. ఇది మనము మరువరాని పాఠము.

తిరువయ్యారు

అదే కావేరీతీరమున త్యాగరాజస్వామి (1767–1847) ప్రహ్లాదభక్తివిజయము అను గేయనాటకమును ఐదంకములుగా రచించెను. దౌవారికుడు ప్రవేశించుట మొదలైన లక్షణములలో ఇది ఆ ప్రాంతపు నాటకసంప్రదాయమునకు చుట్టమే. కథను గ్రహించిన తీరులో మాత్రము ఆయన స్వతంత్రుడు. స్తంభము పగులుట, నరసింహుడు వెలువడుట, హిరణ్యకశిపుని వధ – సామాన్యజనులు కథకు ప్రాణమని భావించు ఈ ఘట్టములను ఆయన గ్రహింపలేదు. నాగపాశబద్ధుడై సముద్రమున పడవేయబడిన ప్రహ్లాదుని ఆర్తి, హరిదర్శనమునకై వేదన, తుదకు సాక్షాత్కారము – ఇంతయే ఆయన ఇతివృత్తము.

త్యాగరాజును ఇందుకై ఎవరైనను తప్పుపట్టిరా? లేదు. కథలో ఏది తనదో ఆయన యెఱుగును. రూపాంతరము చేయువాడు అంతయు ఎత్తిపోయవలసిన పని లేదు. తాను గ్రహించిన దానిని సత్యముగా చెప్పిన చాలును.

బళ్ళారి

కావేరీతీరమునుండి తుంగభద్రాప్రాంతమునకు వత్తము. 1953లో నాటి మైసూరు రాష్ట్రమున చేరి నేడు కర్ణాటకమున నున్న బళ్ళారి, ఆధునిక తెలుగు నాటకమునకు పుట్టినిండ్లలో నొకటి. అచట న్యాయవాదిగా నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీసభ ద్వారమున తన నాటకములను ప్రదర్శించి ఆంధ్రనాటకపితామహు డనిపించుకొనెను. ఆయన చిత్రనళీయము 1887లో ప్రదర్శితమైనది. ఆయన ప్రహ్లాద నాటకము తెలుగునాట నాటకసమాజముల ద్వారా వ్యాపించినది. ఆయన మేనల్లుడైన బళ్ళారి రాఘవ (1880–1946) ధరించిన పాత్రలలో హిరణ్యకశిపుడు పేరెన్నిక గన్నది.

ఈ మజిలీలో మారినది ప్రేక్షకుడు. మేలట్టూరు ప్రేక్షకుడు స్వామిసన్నిధిలో భక్తుడై కూర్చుండెను. బళ్ళారి ప్రేక్షకుడు రుసుము చెల్లించి నాటకశాలలో కూర్చుండెను. అతనికి అంకములు, రంగములు, తెరలు, పాటలు కావలెను. భక్తికథ మానవుల సంఘర్షణగా, తండ్రికొడుకుల వాదముగా కనబడవలెను. ఆచార్యులవారు వానిని సమకూర్చిరి. అయినను పద్యమును విడువలేదు.

బొంబాయి, మద్రాసు

ఆ నాటకమే వెండితెర కెక్కినది. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున సురభి నటుల సహకారముతో తయారైన భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలైనది. పూర్తిగా తెలుగున మాటలాడిన తొలి చిత్రమిదియే. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగా, సురభి కమలాబాయి లీలావతిగా నటించిరి. పాటల రచయిత చందాల కేశవదాసు. ఆ చిత్రము రూపొందినది తెలుగునాట కాదు, బొంబాయిలో. తెలంగాణమునుండి వలసపోయిన కామాఠీ శ్రామికుల పేర కామాఠిపురమని ఒక పేట వెలసిన నగరమది.

35 సంవత్సరముల తరువాత, 1967లో, మద్రాసున ఏ.వి.ఎం. సంస్థ చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వమున భక్తప్రహ్లాదను రంగులలో నిర్మించినది. ఎస్. వి. రంగారావు హిరణ్యకశిపుడు, బాలిక రోజారమణి ప్రహ్లాదుడు. యంత్రసాధనము వలన ఏనుగులు, సర్పములు, సముద్రము, స్తంభము అన్నియు కంటికి ప్రత్యక్షమైనవి. అట్టి చిత్రమందును పోతన పద్యములకు చోటు దక్కుట గమనింపదగినది. బడికి పోనివారు సైతము ఆ చిత్రము వలన పోతన పద్యములు నేర్చిరి.

బొమ్మల కథ

1947 జూలైలో మద్రాసునుండి వెలువడ నారంభించిన చందమామ పురాణకథలకు బొమ్మలు తోడుచేసి మూడు తరముల పిల్లలకు చదువు నేర్పినది. అందలి ప్రసిద్ధ చిత్రకారులైన చిత్ర, శంకర్ తమిళనాటివారే. అందు బొమ్మ కథకు తోడు మాత్రమే. కథను నడుపునది సులభమైన తెలుగు వచనము. ఆ పత్రిక నేడు లేదు.

1967లో బొంబాయిలో అనంత పై ఆరంభించిన అమరచిత్రకథ మార్గము వేరు. అందు కథను నడుపునది బొమ్మయే. మాట పాత్ర నోటి ప్రక్కన గీసిన చిన్నగడిలో ఇమిడిపోవలెను. ప్రహ్లాదుని కథయు ఈ మాలలో వెలువడినది. దేశమందలి పిల్లలకు పురాణకథలు తెలిపిన మేలు దానికి దక్కవలసినదే. కాని ఆ పుస్తకములు ప్రధానముగా ఆంగ్లమున రచితములై పిదప దేశభాషలలోనికి వచ్చినవి. అనువాదమున వచ్చిన ప్రహ్లాదునకు కథ కలదు. పోతన కంఠము లేదు. మేలట్టూరున లిపి మారి వాక్కు నిలిచినదని పైన చెప్పితిని. ఇచట లిపి తెలుగే, వాక్కు పోయినది. రూపాంతరములో లాభనష్టములను నిర్ణయించునది ఈ భేదమే.

బొమ్మకు సహజమైన చిక్కు ఒకటి కలదు. హరి సర్వత్ర కలడని చెప్పుట ఈ కథకు హృదయము. బొమ్మ దేనినైనను ఒకచోట నిలిపిగాని చూపజాలదు. నా తరగతిలో ఆ సంవాదపద్యములను పలుమార్లు రాగయుక్తముగా చదివి, అర్థము చెప్పి, స్తంభము పగులుటకు ముందరి క్షణమును గీయుడని పిల్లలను కోరితిని. కొందరు స్తంభములో సింహపు కన్నులు గీసిరి. ఒక బాలిక మాత్రము స్తంభమును ఖాళీగా విడిచి, తండ్రి కుమారుల ముఖములను మాత్రమే గీసి, పద్యపాదమును ఒక గడినుండి వేరొక గడికి సాగునట్లు పుటయంతటను వ్రాసినది. అంతటా నున్నవానిని చూపుటకు ఆ బిడ్డకు దొరికిన ఉపాయము పద్యమే! ఆ పాదమును వ్రాయుటకై ఆమె అక్షరములను కూడబలుకుకొని నేర్చినది.

ఉపసంహారము

ఈ చరిత్ర వలన తేలు సంగతులు మూడు. మొదటిది: ప్రేక్షకుడు మారినపుడు రూపము మారుట అపచారము కాదు, మన పూర్వులలో భక్తులు, పండితులు, గాయకులు, న్యాయవాదులు ఆ పని చేసిరి. రెండవది: కథలో కొంత విడుచుటకు, కొంత పెంచుటకు రూపాంతరకర్తకు స్వాతంత్ర్యము కలదు, లీలావతిని పెంచిన శాస్త్రియు, స్తంభమును విడిచిన త్యాగరాజును ఇందుకు ప్రమాణము. మూడవది: విడువరానిది తెలుగువాక్కు. అది దరువు కావచ్చును, కీర్తన కావచ్చును, పద్యము కావచ్చును. ఆ వాక్కు నిలిచిన రూపమే మూలమునకు మరల దారి చూపును.

కావున మన బాలురకై గ్రాఫిక్ నవలలు రావలెను. అవి ఆంగ్లమునుండి కాక పోతననుండి రావలెను. ముఖ్యఘట్టములందు మూలపద్యమును పెద్ద అక్షరములతో అచ్చొత్తి క్రింద తేటమాటలలో భావమీయవలెను. ఒకచోట చిత్రకారుడు, ఒకచోట ఉపాధ్యాయుడు, ఒకచోట పద్యము చదువు పెద్దవారు ఉందురు. తమిళనాడు, కర్ణాటకము, ఒడిశా, మహారాష్ట్రము, యానాములందలి మన సంఘములు వీరిని ఒకచోట చేర్చినచో ఈ పని అసాధ్యము కాదు. ముందు ఒక్క సప్తమస్కంధమును చేపట్టిన చాలును. మేలట్టూరువారు తమ కాలపు పిల్లలకు చేసిన దానిని మన కాలపు పిల్లలకు మనము చేసినవారమగుదుము.