పలక మీద లెక్క, మార్కాపురం రాయి

నల్లమలకు తూర్పున, మార్కాపురం చుట్టుపక్కల నేలలో పలకరాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. 1872లో కడప, కర్నూలు శిలల మీద నివేదిక రాసిన విలియం కింగ్ ఈ రాతిపొరల వరుసకు పొరుగునున్న కంభం పేరే పెట్టాడు. ఉలి ఆనించి కొడితే ఈ రాయి పల్చని రేకులుగా విడిపోతుంది. వాటిని కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి ఊరూరా బడిపిల్లలకు అందించడమే ఇక్కడ ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువైంది.

అంతకు ముందు లెక్కలు దేనిమీద చేసేవారు? దత్తమండలాల్లోని బళ్లారి జిల్లా బడుల గురించి అక్కడి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న మద్రాసుకు పంపిన నివేదికలో వివరంగా చెప్పాడు. పిల్లలు మొదట ఇసుకలో వేలితో దిద్దేవారు. తర్వాత అడుగు వెడల్పు, మూడడుగుల పొడవున్న చెక్కకు అన్నం, బొగ్గుపొడి పూసి దానిమీద బలపంతో రాసేవారు. గంజిపెట్టిన గుడ్డను మడతలు వేసి, బొగ్గు, జిగురు పట్టించిన కడితం కూడా ఉండేది. తడిగుడ్డతో తుడిస్తే రాత పోయేది. అయితే చెక్కకు పూత కావాలి. రాతిపలకకు ఆ అవసరమే లేదు.

పలక మీద లెక్క ఎలా సాగుతుందో తెలియడానికి, బీజగణితం, రేఖాగణితం రెండూ కలిసే ఓ చిన్న లెక్క చూద్దాం. దీర్ఘచతురస్రాకారపు పొలం చుట్టుకొలత 60 గజాలు. పొడవు వెడల్పుకు రెట్టింపు. ముందు పలక మీద బొమ్మ గీయాలి. వెడల్పు తెలియదు కాబట్టి దాన్ని ‘క’ అనుకోవాలి, పొడవు 2క. నాలుగు భుజాలూ కూడితే 6క. అది 60కి సమానం. రెండు వైపులా 6తో భాగిస్తే క = 10. వెడల్పు 10 గజాలు, పొడవు 20, వైశాల్యం 200 చదరపు గజాలు. సరిచూస్తే 10+20+10+20 = 60.

పలక ఇరుకు. ఇంకో లెక్క మొదలుపెట్టాలంటే పాతది చెరిపేయాల్సిందే. అందుకే పిల్లవాడు ఏ సోపానంలో తప్పాడో పంతులు అప్పటికప్పుడే చూసి దిద్దాలి.

నోటుపుస్తకాలు చవకయ్యాక, ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతిపలకకు గిరాకీ పడిపోయింది. ఇప్పుడు ఈ రాయి ఎక్కువగా గోడలకు, నేలకు, ఇంటి కప్పులకు పోతోంది. రాయి కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఆ దుమ్ములో పనిచేసి తెలుగు పిల్లలకు లెక్క దిద్దుకునే చోటిచ్చిన కార్మికులకు మన చదువుల చరిత్రలో ఓ అధ్యాయం దక్కాలి.