జొన్న పరిశోధనలో కొలతల ప్రశ్న: చిన్న కమతం వైపు నుంచి

మహారాష్ట్రలో షోలాపూర్ దగ్గరి మోహోల్ పరిశోధన క్షేత్రంలో 1930ల్లో, అక్కడి రైతులు పండించే మాల్దండి జొన్నలోంచి ఒక మేలైన వరసను ఏరి ఎం 35-1 అని పేరు పెట్టారు. ఆ తర్వాత జొన్న మీద పని చేయడానికి పెద్ద వ్యవస్థే ఏర్పడింది. 1969లో అఖిల భారత సమన్వయ పథకం, 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1987లో రాజేంద్రనగర్‌లో జాతీయ జొన్న పరిశోధన కేంద్రం వచ్చాయి. ఆ కేంద్రమే నేటి భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ. పదుల కొద్దీ కొత్త రకాలు విడుదలయ్యాయి. అయినా దక్కన్ నల్లరేగడిలో రబీ జొన్న వేసే చిన్న రైతు ఇప్పటికీ ఎక్కువగా వెతుక్కునేది మాల్దండి విత్తనమే. రైతుకు కొత్తదంటే భయమని, విస్తరణ సిబ్బంది చాలరని దీనికి కారణాలు చెబుతుంటారు. వాటిలో కొంత నిజం ఉండొచ్చు. కానీ అసలు చిక్కు కొలతలో ఉందని నా వాదన. పరిశోధన క్షేత్రం హెక్టారుకు ఎన్ని క్వింటాళ్ల గింజ అని లెక్క కట్టింది. చిన్న కమతం వానను, చొప్పను, రొట్టెను, పొలంలో మిగిలిన తేమను కలిపి లెక్క కట్టింది. ఈ రెండు లెక్కలూ కలిసిన చోట జొన్న పరిశోధన రైతుకు అక్కరకొచ్చింది.

మొదట వానాకాలపు జొన్న సంగతి. 1954లో అమెరికాలోని టెక్సస్‌లో స్టీఫెన్స్, హాలండ్ అనే శాస్త్రవేత్తలు పురుష వంధ్యత గల వరసల సాయంతో సంకర విత్తనం తయారుచేసే దారి చూపారు. పదేళ్లు తిరిగేసరికి, 1964లో, మన దేశపు తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 విడుదలైంది. మన జొన్న ప్రజననానికి దిశ చూపిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు డాక్టర్ ఎన్. గంగాప్రసాదరావు. ఐదు నెలలు నిలిచే ఎత్తయిన నాటు జొన్న స్థానంలో నూరు రోజుల్లో కోతకు వచ్చే పొట్టి పైరు వచ్చింది. వాన ముందే వెనుదిరిగితే నాటు జొన్న గింజ పట్టక తాలుపోయేది. పొట్టి పైరు ఆ గండాన్ని తప్పించింది. వానాకాలంలో హెక్టారు దిగుబడి నిజంగానే పెరిగింది. ఈ విజయాన్ని తక్కువ చేయకూడదు.

అయితే నాటు జొన్న అన్ని రోజులు నిలవడం వెనక ఒక లెక్క ఉంది. అది పగటి వెలుగు తగ్గడాన్ని గుర్తుపట్టి పూతకు వస్తుంది. జూన్‌లో విత్తినా, వాన ఆలస్యమై జూలైలో విత్తినా, పూత దాదాపు ఒకే సమయానికి వస్తుంది. గింజ గట్టిపడే నాటికి వానలు వెనుదిరిగి ఉంటాయి. తొందరగా పండే సంకర రకానికి ఆ వెలుగు లెక్క లేదు. దాని కంకి సెప్టెంబరు ముసురులో పండుతుంది. దాంతో గింజ బూజు పట్టి నల్లబడుతుంది. అలాంటి గింజకు బజారులో ధర పడిపోతుంది, రొట్టెకూ పనికిరాదు. పంట బస్తాల్లో పెరిగింది కానీ తిండి గింజగా దాని విలువ తగ్గింది. వానాకాలపు జొన్న మెల్లగా కోళ్ల దాణా వైపు, సారా బట్టీల వైపు మళ్లడానికి ఈ నల్లబడిన గింజ ఒక ముఖ్య కారణం. మొదటి నుంచీ బూజును తట్టుకోవడాన్ని దిగుబడితో సమానంగా కొలిచి ఉంటే కథ కొంత వేరుగా నడిచేదని నా నమ్మకం.

జొన్న సాగు విస్తీర్ణం తగ్గడానికి పరిశోధన ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. 1960ల చివర్లో దేశంలో దాదాపు కోటీ 80 లక్షల హెక్టార్లలో ఉన్న జొన్న, ఇటీవలి సంవత్సరాల్లో 40 లక్షల హెక్టార్ల చుట్టుపక్కలకు వచ్చింది. పత్తి, సోయా, మొక్కజొన్న దాని చెలకలను తీసుకున్నాయి. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పేదవాడి కడుపు నింపింది. ఆ మేలుతో పాటే రాయలసీమ, తెలంగాణ ఇళ్లలో జొన్న సంకటి, జొన్న రొట్టె రోజువారీ తిండిగా ఉండడం తగ్గుతూ వచ్చింది.

రబీ జొన్న కథ వేరు. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తుతారు. ఆపైన పైరు బతికేది నల్లరేగడి తన లోతులో దాచుకున్న తేమ మీదే. వానాకాలపు విజయాన్ని ఇక్కడికి తీసుకురావాలని చేసిన ప్రయత్నాలకు మూడు అడ్డంకులు ఎదురయ్యాయి. మొదటిది మొవ్వు ఈగ. లేత మొక్క మొవ్వును చంపే ఈ పురుగును తట్టుకునే గుణం సంకర రకంలో నిలవాలంటే తల్లి వరసలోనూ తండ్రి వరసలోనూ అది ఉండాలి. వానాకాలానికి తయారైన తల్లి వరసల్లో అది కొరవడింది. రెండోది చలి. రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోతే సంకర మొక్కలో పుప్పొడి సరిగా తయారుకాక కంకిలో గింజ పట్టదు. మూడోది రొట్టె. మాల్దండి గింజ గుండ్రంగా, ముత్యపు తెలుపుతో మెరుస్తుంది. దాని పిండి సాగి రొట్టె పలచగా వస్తుంది, సాయంత్రానికీ మెత్తగా ఉంటుంది. కేంద్రం ప్రకటించే మద్దతు ధరలోనే మాల్దండికి విడి లెక్క ఉంది. 2024-25లో సంకర జొన్నకు క్వింటాలుకు 3,371 రూపాయలు, మాల్దండికి 3,421 రూపాయలు. తేడా చిన్నదే. అయినా ఈ గింజ వేరని ప్రభుత్వమే ఒప్పుకుంది. ప్రజనన క్షేత్రంలో మాత్రం ఆ తేడాకు చాలాకాలం మార్కులు పడలేదు.

చొప్ప విషయం ఇంకా స్పష్టం. ఒక జత ఎద్దులు, ఒక పాడి గేదె ఉన్న ఇంట్లో జొన్న అంటే సగం గింజ, సగం మేత. కరువు ఏడాది గింజ రాకపోయినా చొప్ప వస్తే పశువు నిలుస్తుంది, పశువు నిలిస్తే మరుసటి ఏడాది సేద్యం నిలుస్తుంది. అంతర్జాతీయ పశుపరిశోధన సంస్థలో పనిచేసిన మైకేల్ బ్లూమెల్, తన సహచరులతో కలిసి హైదరాబాద్ చొప్ప వ్యాపారులు అమ్మే సరుకును ప్రయోగశాలలో పరీక్షించారు. పశువుకు అరిగే భాగంలో 47 శాతానికి, 52 శాతానికి మధ్య ఉన్న తేడా, ధరలో 20 శాతానికి మించిన తేడాగా బయటపడింది. పరికరం ఏదీ లేకుండానే వ్యాపారీ పాడి రైతూ మంచి చొప్పకు ఎక్కువ ధర కడుతున్నారు. ప్రజనన శాస్త్రం ఆ గుణాన్ని ఆలస్యంగా పట్టించుకుంది. మంచి సంగతి ఏమిటంటే, చొప్ప నాణ్యత పెంచితే గింజ తగ్గి తీరాలని లేదు. రెండూ బాగున్న వరసలను ఏరవచ్చని ఆ తరహా పరిశోధనలే చూపాయి.

కరువును తట్టుకునే గుణంలో మాత్రం కొలత మారిన తీరు నాకు ఎంతో ఆశ కలిగిస్తుంది. గింజ పాలు పోసుకునే దశలో నీరు తగ్గినా ఆకు పచ్చగా నిలిచే గుణం ఇథియోపియా జొన్న సంతతికి చెందిన బి-35 అనే వరసలో ఉంది. ఆకు ఎందుకు పచ్చగా ఉంటుందన్న ప్రశ్నకు ఆస్ట్రేలియాలో ఆండ్రూ బోరెల్, పటాన్‌చెరులో విన్సెంట్ వాడెజ్ బృందాలు చేసిన పని స్పష్టమైన సమాధానం ఇచ్చింది. ఈ మొక్క పూతకు ముందు తన ఆకుల విస్తీర్ణాన్ని అదుపులో పెట్టుకుని నీటిని పొదుపు చేస్తుంది. ఆ మిగిలిన నీరు గింజ నిండేటప్పుడు అక్కరకొస్తుంది. నల్లరేగడిలో రబీ జొన్నకు కావలసింది సరిగ్గా ఇదే. వానాకాలం, రబీ అన్న తేడా లేకుండా మొక్క పుష్టిగా, గుబురుగా ఎదగడమే మంచిదని చూసే కంటికి ఈ గుణం దొరకదు. ఏ దశలో ఎంత నీరు తాగిందో తూచి చూసినప్పుడే దొరికింది.

రైతునే కొలిచేవాడిగా కూర్చోబెట్టిన ఉదాహరణ పశ్చిమ ఆఫ్రికాలోని మాలిలో ఉంది. అక్కడి గినీ జాతి జొన్న కూడా వెలుగు లెక్క తెలిసిన మొక్కే. ఇక్రిశాట్ తరఫున ఎవా వెల్ట్‌సియెన్, ఫ్రెడ్ రాటుండె మాలి జాతీయ పరిశోధన సంస్థతోనూ రైతు సంఘాలతోనూ కలిసి, ఆ స్థానిక జొన్నను వదలకుండా దానిలోంచే సంకర రకాలు తయారుచేశారు. రైతుల పొలాల్లోనే పోల్చి చూస్తే, ఎంపికైన సంకర రకాలు స్థానిక రకం కన్నా 17 నుంచి 47 శాతం దాకా ఎక్కువ ఇచ్చాయి. సారం లేని నేలల్లోనూ ఆ ఆధిక్యం నిలిచింది. విత్తనోత్పత్తిని రైతు సంఘాలే చేపట్టాయి. తూర్పు ఆఫ్రికాలో శాస్త్రవేత్త గెబిసా ఎజెటా పని మరో దారిలో నడిచింది. వేరును పట్టుకుని పీల్చే జొన్నమల్లె అనే కలుపు విత్తనం, జొన్న వేరు వదిలే రసాయన సంకేతం అందితేనే మొలకెత్తుతుంది. ఆ సంకేతాన్ని తక్కువగా వదిలే రకాలను ఆయన బృందం తయారుచేసింది. మందు కొనలేని రైతుకు రక్షణ విత్తనంలోనే దొరికింది. 2009లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

మన కృష్ణా డెల్టాలో పరిశోధనకన్నా రైతే ముందు నడిచాడు. గుంటూరు ప్రాంతంలో వరి కోసిన మాగాణుల్లో మినుము తెగుళ్లకు దెబ్బతింటుంటే, రైతులు దుక్కి దున్నకుండా సంకర జొన్న వేసి హెక్టారుకు ఐదారు టన్నులు తీశారు. శాస్త్రవేత్తలు తర్వాత వచ్చి ఎరువు, నీటి తడి, మొక్కల సాంద్రత లెక్కలు కట్టారు. ఇక్కడ గింజ దాణాకు పోతుంది, రొట్టె గుణం అక్కర్లేదు. కాబట్టి హెక్టారుకు క్వింటాళ్ల కొలత ఇక్కడ సరిగ్గా పనిచేస్తుంది. అదే కొలతను రబీ జొన్న వేసే తాండూరుకో, షోలాపూర్‌కో తీసుకెళితే తప్పుతుంది.

ఇంకా సరైన కొలత దొరకని సమస్య పిట్టలు, కోత. ఊళ్లో అందరూ జొన్న వేసినప్పుడు పిట్టల బెడద అందరి చేలకూ పంచుకుపోయేది. ఇప్పుడు ఊరికి నాలుగు చేలే ఉంటే పిట్టలన్నీ ఆ నాలుగింటి మీదే వాలతాయి. మంచె మీద కూర్చుని ఒడిసెల తిప్పే పిల్లలు బడిలో ఉన్నారు. వాళ్లు ఉండాల్సిందీ అక్కడే. దాంతో మిగిలిన నలుగురూ జొన్న మానేస్తున్నారు. కోతది మరో పీటముడి. పొట్టి రకాన్ని యంత్రం కోస్తుంది కానీ చొప్ప నలిగి చేలోనే పోతుంది. నిలువెత్తు మాల్దండిని చేత్తో పీకాలి, అందుకు కూలీలు దొరకరు. చొప్పను నిలువుగా, నలగకుండా కోసి కట్టే చిన్న యంత్రం రెండెకరాల రైతులు కలిసి కొనగలిగే ధరలో వస్తేనే ఈ పీటముడి విడుతుంది. ఆ యంత్రానికి ఎంత ఎత్తు, ఎంత లావు కాండం తగునో ప్రజననకారుడూ యంత్ర నిపుణుడూ ఒకే పొలంలో నిలబడి తేల్చుకోవాలి.