స్టడీ సర్కిల్ నుంచి రాజకీయ పాఠశాల దాకా

తెలుగునాట మార్క్సిస్టు సిద్ధాంతాన్ని కలిసి చదివే బృందాలు 1930ల తొలి ఏళ్లలో మొదలయ్యాయి. నలుగురైదుగురు గదిలో కూర్చుంటే స్టడీ సర్కిల్, బయటి నుంచి ఉపన్యాసకుణ్ణి పిలిపిస్తే రాజకీయ తరగతి, శిబిరం వేసి రోజుల తరబడి నడిపితే రాజకీయ పాఠశాల. ఉద్యమ చరిత్రల్లో వీటికి దక్కిన చోటు తక్కువే. మహాసభలు, సమ్మెలు, సాయుధ పోరాటం ఆ పుటలను నింపేశాయి. అయితే ఆ పోరాటాలను నడిపినవారిలో చాలామంది మొదట ఏదో ఒక పుస్తకం చుట్టూ చేరినవారే.

ఈ బృందాలకు కావలసిన నేలను మూడు దశాబ్దాల ముందే గ్రంథాలయోద్యమం దున్ని పెట్టింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చరిత్రను, విజ్ఞాన శాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చింది. ఆ మండలికి అబ్రహాం లింకన్ చరిత్ర రాసి ఇచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లి, తరువాతి జీవితంలో పెద్ద భాగాన్ని గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ఇచ్చారు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరిచి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నెలకొల్పారు. పాతూరి నాగభూషణం కాలువ పడవల మీద కూడా పుస్తకాలు తిప్పారు. వీరెవరూ మార్క్సిస్టులు కారు. కాని ఊళ్లో నలుగురూ వచ్చి కూర్చునే గది, అందులో ఒక పత్రిక, దాన్ని చదివి వినిపించే మనిషి అనే ఏర్పాటును వీరే అలవాటు చేశారు.

చదివి వినిపించడం అన్న మాట ఇక్కడ ముఖ్యం. హైదరాబాదు సంస్థానంలో 1930ల నాటికి అక్షరాలు వచ్చినవారు నూటికి పది మంది కూడా లేరు. మద్రాసు రాష్ట్రంలో పరిస్థితి కొంత మెరుగైనా గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. అందుకే ఎవరి ప్రతి వారు చదువుకొని వచ్చి చర్చించే పట్నపు పద్ధతి పల్లెలో పనికి రాలేదు. అక్కడ పుస్తకం ఒకటే, చదివేవాడూ ఒకడే, వినేవారు మాత్రం అరుగు నిండా. పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదివితే మరొకరు అర్థం చెప్పే తీరు ఊరికి కొత్త కాదు. రాజకీయ తరగతి ఆ కూర్పునే తీసుకొని పద్యం స్థానంలో కరపత్రాన్ని పెట్టింది. ఈ పోలికను మరీ సాగదీయనక్కరలేదు. పురాణగోష్ఠికి ఎవరు రావచ్చో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం నిర్ణయించేది. రాజకీయ తరగతి ఆ హద్దును దాటాలని పూనుకుంది, కొన్నిచోట్ల దాటింది.

సిద్ధాంతం మాత్రం పట్నాల నుంచే వచ్చింది. 1929 మార్చిలో మీరట్ కుట్ర కేసు మొదలవడంతో దేశంలోని కమ్యూనిస్టు నాయకులు దాదాపు అందరూ జైలు పాలయ్యారు. ఆ కేసులో పోలీసులు వెతుకుతున్న అమీర్ హైదర్ ఖాన్ 1931లో మద్రాసు చేరారు. ఓడల్లో పనిచేసి, మాస్కోలో చదువుకొని వచ్చిన మనిషి ఆయన. మద్రాసులో యువ కార్మికుల సంఘాన్ని కట్టి, 1932లో అరెస్టయ్యేలోపు కొద్దిమందినే చేర్చగలిగారు. ఆ కొద్దిమందిలో నెల్లూరు జిల్లా అలగానిపాడుకు చెందిన పుచ్చలపల్లి సుందరయ్య ఒకరు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివిన చండ్ర రాజేశ్వరరావు లాంటివారు మరో దారిన అదే భావాలకు చేరుకున్నారు. సుందరయ్య ఊరికి వచ్చి మొదట పెట్టింది స్టడీ సర్కిల్ కాదు. వ్యవసాయ కూలీల సంఘం, రాత్రి బడి, సరసమైన ధరల దుకాణం పెట్టారు. చదువును ఊరి అవసరాలకు ముడివేసిన ఈ వరస తరువాత చాలాచోట్ల కనిపిస్తుంది.

జైళ్లు మరో తోవ. ఉప్పు సత్యాగ్రహంలోనూ ఆ తరువాతా శిక్ష పడిన కాంగ్రెసు యువకులకు అక్కడ తీరిక దొరికింది, ఇతర రాష్ట్రాల విప్లవకారుల పరిచయమూ దొరికింది. భగత్ సింగ్ సహచరుడు శివ వర్మ కొంతకాలం రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉన్నారు. గాంధీ అనుచరుడిగా జైలుకు వెళ్లినవాడు సోషలిస్టుగా బయటికి రావడం ఆ రోజుల్లో వింతేమీ కాదు.

పుస్తకం దొరకడమే పెద్ద పని. విదేశాల నుంచి వచ్చే కమ్యూనిస్టు సాహిత్యాన్ని సముద్ర కస్టమ్స్ చట్టం కింద రేవుల్లోనే పట్టుకునేవారు. 1931 నాటి ప్రెస్ చట్టం దేశంలోని ముద్రాపకులను భయపెట్టింది. 1934 జూలైలో కమ్యూనిస్టు పార్టీనే నిషేధించారు. ఈ ఇరుకులో సిద్ధాంత గ్రంథాల కన్నా నవలలే ఎక్కువ దూరం ప్రయాణించాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసి 1922లో వెలువరించిన 'మాలపల్లి' నిషేధానికి గురైనా చేతులు మారుతూనే ఉంది. గోర్కీ 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశారు. ఆ పుస్తకాన్నీ ప్రభుత్వం నిషేధించింది. నల్లగొండ జిల్లాలో భూస్వామి ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం తనను చిన్ననాడే కదిలించిన పుస్తకం అదేనని తరువాత చెప్పుకున్నారు. మార్క్స్ 'పెట్టుబడి' పేరు ఎరగనివారు కూడా ఆ నవలలోని పావెల్ తల్లిని ఎరుగుదురు. బెజవాడలో గద్దె లింగయ్య నడిపిన ఆదర్శ గ్రంథమండలి వంటి ప్రచురణ సంస్థలు, 1937 చివర మొదలైన 'నవశక్తి' వారపత్రిక ఈ కొరతను కొంత తీర్చాయి.

నిషేధం ఉన్నందున కమ్యూనిస్టులు 1934లోనే ఏర్పడిన కాంగ్రెసు సోషలిస్టు పార్టీ నీడన పనిచేశారు. బహిరంగ రాజకీయ పాఠశాలలు ఆ ముసుగులోనే సాధ్యమయ్యాయి. వీటికి ఒక నమూనా అప్పటికే ఉంది. ఆచార్య రంగా నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు విద్యాలయం తెరిచారు. ఆయన మార్క్సిస్టు కాకున్నా, రైతు బిడ్డను కూర్చోబెట్టి అర్థశాస్త్రం చెప్పవచ్చని చూపించారు. 1937 వేసవిలో ఒంగోలు దగ్గర సముద్రతీర గ్రామం కొత్తపట్నంలో ఆర్థిక రాజకీయ పాఠశాల పెట్టారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది, పోలీసులు లాఠీలు ఝళిపించారు. విద్యార్థులు తరగతిలో నేర్చుకోవలసిన రాజ్య స్వభావాన్ని ఒక పూటలో వీపు మీద నేర్చుకున్నారు. మరుసటి ఏడాది, రాజాజీ కాంగ్రెసు మంత్రివర్గం అధికారంలో ఉండగా, గుంటూరు జిల్లా మంతెనవారిపాలెంలో మళ్లీ పాఠశాల నడిచింది. ఈ రెండింటి నుంచి వచ్చినవారు తరువాతి దశాబ్దంలో రైతు, కూలీ, యువజన సంఘాలకు కార్యకర్తలయ్యారు.

నిజాం రాజ్యంలో కథ వేరు. 1929 నాటి గష్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు ప్రకారం సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. రాజకీయ పార్టీ మాట దేవుడెరుగు, ఊళ్లో పదిమంది చేరడమే అనుమానాస్పదం. అందువల్ల గ్రంథాలయం అక్కడ కోస్తా కన్నా ఎక్కువ బరువు మోసింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి మహాసభ జరుపుకున్న నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదట అడిగినవి బడులు, గ్రంథాలయాలు, మాతృభాషలో చదువు. పైకి ఇవి మెత్తని కోరికలు. కాని గోలకొండ పత్రిక చదవడానికి ఊళ్లో చేరినవారు వెట్టిచాకిరీ గురించి మాట్లాడుకోకుండా ఉండలేరు కదా.

హైదరాబాదు నగరంలో చదువు ఉర్దూలో సాగింది. 1939 ప్రాంతంలో ఏర్పడిన కామ్రేడ్స్ అసోసియేషన్‌లో కవి మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మీరీ వంటివారు ఉన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వాతావరణంలో పెరిగిన ఈ బృందానికి సాహిత్యం, సిద్ధాంతం వేర్వేరు కావు. మరోవైపు ఆంధ్ర మహాసభ నుంచి రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి తదితరులు వచ్చారు. ఉర్దూలో చదివిన నగర మేధావులు, తెలుగులో చదివిన జిల్లా కార్యకర్తలు కలిసినప్పుడే సంస్థానంలో కమ్యూనిస్టు పార్టీ నిలదొక్కుకుంది.

ఈ రెండు లోకాల నడుమ పుస్తకాన్ని మోసినవారిలో వట్టికోట ఆళ్వారుస్వామిది ప్రత్యేక స్థానం. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టి, ఇళ్లలో వంట చేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి, తనంతట తాను చదువుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. ప్రచురణకర్త, అమ్మకందారు, మోతకూలీ అన్నీ ఆయనే. పుస్తకాల మూట పట్టుకొని ఊరూరా తిరిగారు. దాదాపు అదే కాలంలో కె.సి.గుప్త అణా గ్రంథమాల పెట్టి చౌక ధరకు పుస్తకాలు అందించారు. స్టడీ సర్కిల్ పెట్టాలనుకునేవారికి ఉపన్యాసకుడి కన్నా ముందు ఇటువంటి మనిషి కావాలి. ఈ సంగతిని సిద్ధాంతకర్తలు తరచు మరిచిపోయారు.

1942 జూలైలో నిషేధం తొలగాక తరగతులు బహిరంగమయ్యాయి, చదివే పద్ధతీ మారింది. 1938లో సోవియట్ పార్టీ వెలువరించిన సంక్షిప్త చరిత్ర అన్ని దేశాల కమ్యూనిస్టులకూ ప్రధాన పాఠ్యగ్రంథమైంది. నిషేధ కాలంలో దొరికిన ప్రతిదాన్నీ చదివి, అర్థం కానిదాన్ని వాదించి తేల్చుకున్న చోట ఇప్పుడు ప్రశ్నతో పాటు జవాబూ సిద్ధంగా వచ్చింది. కార్యకర్తలు వేలల్లో తయారైనది ఈ దశలోనే. వాదన సన్నగిల్లిందీ ఈ దశలోనే.

కమ్యూనిస్టు ఉద్యమం నుంచి విడివడిన ఎం.ఎన్.రాయ్ అనుచరులు ఇందుకు భిన్నమైన దారి పట్టారు. తెనాలి చుట్టుపక్కల ఆవుల గోపాలకృష్ణమూర్తి, రచయిత త్రిపురనేని గోపీచంద్, విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్ గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావు ఈ వర్గంలో ముఖ్యులు. వీరికి జనబలం లేదు, అధ్యయన శిబిరాలే ఉన్నాయి. 1948 చివర రాయ్ తన రాడికల్ డెమొక్రటిక్ పార్టీని తానే రద్దు చేయడంతో వీరి రాజకీయం మొత్తం చదువు, చర్చగానే మిగిలింది. ఓటు అడగవలసిన పని లేని బృందం ఎంత స్వేచ్ఛగా ఆలోచించగలదో, ఎంత ఒంటరిది కాగలదో రెండూ ఇక్కడ చూడవచ్చు.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో చదువు రహస్య స్థావరాలకు, జైళ్లకు మారింది. నిజామాబాదు జైలులో ఆళ్వారుస్వామి, కవి దాశరథి కలిసి ఉన్నారు. స్థావరాల్లో అక్షరాలు దిద్దిన స్త్రీలు ఎందరో. 1951లో పోరాటం ఆగాక పార్టీ ఎన్నికల బాట పట్టింది. మరుసటి ఏడాది 'విశాలాంధ్ర' దినపత్రిక మొదలై, దాని వెంబడి ప్రచురణాలయం వచ్చింది. మాస్కోలో అచ్చయిన తెలుగు అనువాదాలు చౌకగా దొరకసాగాయి. కొరత తీరింది. ఒక పుస్తకం చుట్టూ అరుగు నిండా చేరవలసిన అవసరమూ దానితోపాటు తగ్గింది.

1970లలో విప్లవ రాజకీయాలు విద్యార్థులను మళ్లీ చిన్న చిన్న బృందాలుగా చేర్చాయి. రంగనాయకమ్మ 'పెట్టుబడి' గ్రంథాన్ని మామూలు పాఠకులకు పరిచయం చేసే సంపుటాలను ఆ దశాబ్దం చివర మొదలుపెట్టారు. 1980లో హైదరాబాదు బుక్ ట్రస్ట్ ఏర్పడింది. అదే నగరంలో స్త్రీశక్తి సంఘటన అనే బృందం సిద్ధాంతాన్ని స్త్రీల వైపు నుంచి చదవడం మొదలుపెట్టి, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి వారి మాటలను నమోదు చేసింది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వెలువడిన ఆ పుస్తకంలో, దళాల్లోనూ స్థావరాల్లోనూ చదువు నేర్చిన స్త్రీలు తమకు ఆ చదువు తెరిచిన లోకం గురించి చెప్పారు. పోరాటం ముగిశాక ఇంటికి వెళ్లిపొమ్మన్నప్పుడు తాము అడిగిన ప్రశ్నల గురించీ చెప్పారు.