పన్నెండెకరాల్లో ఆరు: ఆడపిల్ల వాటా పుట్టిన కథ

తమిళనాడులోని మింజూరులో ఈరోజు ఒక తెలుగు హిందూ కుటుంబం తాతల నాటి భూమి పంచుకోవడానికి కూర్చుంటే, చట్టం ముందు కూతురిదీ కొడుకుదీ ఒకే హక్కు. ఈ హక్కు ఒక్కసారిగా రాలేదు. ఇచ్చిన ప్రతిసారీ ఏదో ఒక షరతు పెట్టే ఇచ్చారు. ఆ షరతు తొలగడానికి మళ్లీ ఏళ్లు పట్టింది.

తొలి డిమాండ్లలో ఒకటి ఈ ప్రాంతంలోనే వినిపించింది. 1929 ఫిబ్రవరిలో చెంగల్పట్టులో పెరియార్ ఆధ్వర్యంలో జరిగిన ఆత్మగౌరవ మహాసభ, స్త్రీలకు ఆస్తిలో సమాన హక్కు ఉండాలని తీర్మానించింది. మింజూరు ఉన్న పొన్నేరి తాలూకా అప్పట్లో చెంగల్పట్టు జిల్లాలోదే.

అప్పటి అన్యాయం ఎంతటిదో ఒక లెక్కతో చూద్దాం. ఉమ్మడి కుటుంబానికి 12 ఎకరాలున్నాయి. తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు; తల్లి లేదు. పాత మితాక్షర పద్ధతిలో పుట్టుకతో వచ్చే హక్కు మగవాళ్లకే. తండ్రి పోతే పన్నెండెకరాలూ కొడుకువే. కూతురికి సెంటు కూడా రాదు.

స్వాతంత్ర్యం వచ్చాక అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లుతో దీన్ని మార్చాలని చూశారు. ఛాందసులు అడ్డుపడ్డారు, బిల్లు ముందుకు సాగలేదు. 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవి వదులుకున్నారు. ఐదేళ్ల తర్వాత, 1956 జూన్ 17న, హిందూ వారసత్వ చట్టం వచ్చింది. కానీ పుట్టుకతో వచ్చే హక్కు మళ్లీ కొడుకుకే మిగిలింది. మన లెక్కలో తండ్రికి ఆరు, కొడుకుకు ఆరు. తండ్రి పోయాక ఆయన ఆరింటిలోనే కూతురికి సగం. అంటే కొడుకుకు తొమ్మిది, కూతురికి మూడు. సున్నా మూడైంది, అంతే.

కేరళ 1975లో చట్టం చేసి ఉమ్మడి కుటుంబ ఆస్తి పద్ధతినే ఎత్తేసింది. ఆంధ్రప్రదేశ్ మరో దారి పట్టింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిని అలాగే ఉంచి కూతురిని అందులోకి తీసుకున్న తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఇప్పుడు ముగ్గురికీ నాలుగేసి ఎకరాలు. తండ్రి పోతే ఆయన నాలుగూ ఇద్దరికీ సమానం. చివరికి కొడుకుకు ఆరు, కూతురికి ఆరు.

చెన్నై నుంచి గూడూరు వెళ్లే రైలు మార్గంలో రాష్ట్ర సరిహద్దుకు మింజూరు ఇవతల, సూళ్లూరుపేట అవతల. మాట ఒకటే, బంధుత్వాలూ ఒకటే. అయినా సుమారు మూడున్నరేళ్లు అవతలి పెళ్లికాని ఆడపిల్లకు ఉన్న హక్కు ఇవతలి పిల్లకు లేకపోయింది. కరుణానిధి ప్రభుత్వం తెచ్చిన సవరణ 1989 మార్చి 25 నుంచి అమలై ఆ తేడాను చెరిపింది. చెంగల్పట్టు తీర్మానానికి అప్పటికి అరవై ఏళ్లు. 1994లో కర్ణాటక, మహారాష్ట్ర అదే బాట పట్టాయి.

అయితే ఈ నాలుగు రాష్ట్రాల్లోనూ ఒకే మెలిక: చట్టం అమలయ్యేనాటికి పెళ్లయిపోయిన కూతురికి ఈ హక్కు లేదు. పెళ్లితో కొడుకు హక్కు పోనప్పుడు కూతురి హక్కు మాత్రం ఎందుకు పోవాలి? ఒకే ఇంట్లో పెద్దకూతురు పరాయిదైంది, చిన్నకూతురు వారసురాలైంది. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ వంటివారు పట్టువదలకుండా పోరాడాక, 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఈ పెళ్లి షరతును తీసేసింది.

అక్కడితో కథ ముగియలేదు. 2005 సవరణ వర్తించాలంటే ఆ సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెళ్లి షరతు పోయి తండ్రి ఆయువు షరతైంది. 2018లో అదే కోర్టు, 2001లోనే తండ్రిని కోల్పోయిన కూతుళ్లకు వాటా ఇచ్చింది. రెండు తీర్పుల మధ్య ఎన్నో దావాలు నలిగాయి. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదు. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా ముగిసిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు.

అయినా చట్టం ఇంకా సంపూర్ణం కాలేదు: ట్రాన్స్‌జెండర్ బిడ్డల మాట అందులో లేదు. 2008లో ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు పెట్టి తమిళనాడు దేశానికి దారి చూపింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వారి గుర్తింపును హక్కుగా ప్రకటించింది. కానీ వారసత్వ చట్టం నేటికీ కొడుకు, కూతురు అన్న మాటలతోనే నడుస్తోంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ చట్టం వారసత్వం ఊసే ఎత్తలేదు. ఇంట్లోంచి గెంటేసిన బిడ్డకు తాతల భూమిలో వాటా ఉందని సూటిగా చెప్పే వాక్యం చట్టంలోకి రావాలి.

కూతుళ్ల విషయంలో మిగిలిన అడ్డంకి ఇంట్లోనే ఉంది. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో వాటా వదులుకునే విడుదల పత్రం మీద సంతకం పెట్టే అక్కచెల్లెళ్లు ఎందరో. పెళ్లికి పెట్టిన ఖర్చుతోనే వాటా తీరిపోయిందని వారికి చెబుతారు. అది నిజం కాదు. కట్నం ఇవ్వడం నేరం, వాటా ఇవ్వడం బాధ్యత. ఆ కాగితం ముందుకు తోసినప్పుడు చదవకుండా, లాయరును అడగకుండా సంతకం చేయకండి. అన్నదమ్ములకు చెప్పేదీ ఒకటే: అక్కాచెల్లెళ్లు అడగకముందే వాటా లెక్కగట్టి ఇవ్వండి.