చట్టం తెచ్చినవాడి మెడ

దక్షిణ ఇటలీలో లోక్రి అనే గ్రీకు పట్టణం ఉండేది. అక్కడ కొత్త చట్టం కావాలన్నవాడు మెడకు ఉరితాడు తగిలించుకుని మరీ ఆ మాట చెప్పాలట. చట్టం మేలైనదని తేలితే ప్రాణాలతో బయటపడతాడు, లేదంటే తాడు బిగుస్తుంది. రెండు వందల ఏళ్లకు పైగా అక్కడ ఒకే ఒక్క కొత్త చట్టం వచ్చిందని క్రీ.పూ. 4వ శతాబ్దపు వక్త డెమోస్తనీస్ చెప్పాడు. కోర్టు వాదనలో చెప్పిన ముచ్చట కాబట్టి కాస్త ఉప్పూకారం పడే ఉంటుంది.

ఏథెన్స్ పద్ధతి మాత్రం కథ కాదు. సభ చేసిన తీర్మానం చట్టవిరుద్ధమని ఏ పౌరుడైనా దావా వేయవచ్చు. దాని పేరు ‘గ్రాఫే పారానోమోన్’. చేతులెత్తింది సభంతా అయినా బోనెక్కేది ప్రతిపాదించినవాడే. తీర్పు చెప్పే పౌరులు వందల్లో ఉండేవారు. ఒక్కొక్కరికి నడుమ ఇరుసు ఉన్న రెండు కంచు బిళ్లలు: ఇరుసుకు బెజ్జం ఉన్నది దావా వేసినవాడికి, గట్టి ఇరుసుది నిందితుడికి. ఎటు వేస్తున్నారో పక్కవాడికి తెలియకుండా ఇరుసు కొసల్ని వేళ్లతో మూసి పట్టుకునేవారు. ఓడితే జరిమానా. మూడుసార్లు ఓడితే ప్రతిపాదించే హక్కే పోతుంది. ఏడాది గడిచాక తీర్మానాన్ని కొట్టేయవచ్చు గానీ మనిషిని శిక్షించకూడదు. దావా వేసినవాడికి ఐదోవంతు ఓట్లైనా పడకపోతే అతనికే వెయ్యి ద్రాక్మాల జరిమానా.

ఇది రాజకీయ కక్షలకూ బాగానే పనికొచ్చింది. డెమోస్తనీస్‌కు బంగారు కిరీటం ఇవ్వాలన్న క్టెసిఫోన్‌ను రాజకీయ ప్రత్యర్థి ఎస్కినీస్ కోర్టుకీడ్చాడు, గురి మాత్రం డెమోస్తనీస్ మీదే. క్రీ.పూ. 330లో ఆ ఐదోవంతు దక్కక ఎస్కినీస్ ఊరే విడిచిపోయాడు. అరిస్టోఫోన్ అనే నాయకుడైతే ఇలాంటి కేసుల్లో 75 సార్లు నిర్దోషిగా బయటపడ్డానని గొప్పగా చెప్పుకునేవాడట. అయినా దీని విలువ నాకు తెలిసేది శత్రువుల వల్లే. క్రీ.పూ. 411లో ప్రజాస్వామ్యాన్ని కూలదోయబోయిన ముఠా ముందుగా ఈ దావానే ఎత్తేయించింది.

తర్వాతి కాలం గాలి ఎదురు తిరిగింది. పార్లమెంటులో అన్న మాటకు బయట ఏ కోర్టూ సంజాయిషీ అడగరాదని 1689లో ఇంగ్లండు రాసుకుంది. రాజు కక్షసాధింపు నుంచి సభ్యులను కాచిన డాలు అది. మన రాజ్యాంగంలోని 105, 194 అధికరణాలు దాని వారసులే. 13వ అధికరణం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టాన్ని చెల్లకుండా చేస్తుంది, తెచ్చినవారి ఊసెత్తదు. ఓటుకు లంచం పుచ్చుకున్న సభ్యుడికి సైతం 1998లో పి.వి. నరసింహారావు కేసులో ఆ డాలు దొరికింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని లాగేసుకుంది. అదీ లంచం వరకే.

తెచ్చినవారిని ఎవరూ అడగకపోతే ఏమవుతుందో చూడండి. బీహార్‌లో 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు తెచ్చారు. శాసనసభ ఆమోదం ఊసే లేకుండా వాటిని మళ్లీ మళ్లీ జారీ చేస్తూ పోయారు, కొన్ని దాదాపు 14 ఏళ్లు బతికాయి. పుణెకు చెందిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడు డి.సి. వాధ్వా వాటిని తవ్వి తీసి కోర్టుకెక్కారు. ఇది రాజ్యాంగాన్ని వంచించడమేనని 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. ఖర్చుల కింద ఆయనకు పదివేల రూపాయలు ఇమ్మంది. ఆ పదివేలు చెల్లించాల్సింది బీహార్ ప్రభుత్వం, అంటే ఆ ఆర్డినెన్సుల కింద పద్నాలుగేళ్లు బతికిన జనం.