పోరుమామిళ్ల శాసనం – జహీరాబాద్ నగర ప్రణాళిక: ఒక పరిశీలన

నగర నిర్మాణం ప్రకృతి విన్యాసాలను అనుసరించాలన్న వాదం నేడు ఎక్కువగా ఆకృతుల చుట్టూ తిరుగుతున్నది. తెలుగు నేలపై లభించిన శాసన సాక్ష్యం ఈ చర్చను కొలత వైపు మళ్లిస్తుంది. ఆ దృష్టితో జహీరాబాద్ పారిశ్రామిక నగరాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కడప సీమలో నిర్మించిన పోరుమామిళ్ల చెరువు వివరాలు శక 1291 (క్రీ.శ. 1369) నాటి సంస్కృత శాసనంలో ఉన్నాయి. చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను ఆ శాసనం పేర్కొన్నది. గట్టి నేల, తీయని నీటి నది, దానిని ఆనుకొన్న కొండలు, చేరువలో రాతిగని వంటి ప్రకృతి లక్షణాల సరసనే ధార్మికుడైన రాజు, జలశాస్త్రం ఎరిగిన పండితుడు, నేర్పరులైన పనివారు కూడా అంగాలే. కట్ట వేయడమంటే ప్రవాహానికి అడ్డు నిలపడమే. కాబట్టి ప్రకృతిని ఎక్కడ, ఎంతమేరకు మార్చవచ్చునో తెలియడమే శాసనకారుని దృష్టిలో అనుసరణ. నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై సాగునేల తక్కువ కావడం రెండూ దోషాలేనని చెప్పడంలో ఈ దృష్టి స్పష్టమవుతుంది.

చెరువు నియమం నగరానికి వర్తించదని ఆక్షేపించవచ్చు. అయితే 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ప్రధాన పరిహారాన్ని నగరానికి ఎగువన సూచించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ ఆలోచన ఫలితాలే. నగర క్షేమం దాని పొలిమేరలకు వెలుపలి నీటి లెక్కపై ఆధారపడుతుందని ఈ ఉదంతం తెలుపుతున్నది.

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో సుమారు 12,600 ఎకరాలలో జాతీయ పెట్టుబడి, ఉత్పాదక మండలి (నిమ్జ్)ని తలపెట్టారు. జహీరాబాద్‌లో 3,245 ఎకరాల పారిశ్రామిక నగరాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదించింది. ఈ ప్రాంతపు నారింజ వాగు ఎల్ల దాటి కర్ణాటకలోని బీదర్ జిల్లాలోకి సాగుతుంది. చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం శాసనం ఎంచిన దోషాలలో ఒకటి. ఎగువవారి నిర్ణయం దిగువవారి నీటిని మార్చే ఇటువంటి చోట వీధులను ఆకు ఈనెల తీరున గీసినంత మాత్రాన ప్రణాళిక ప్రకృతిని అనుసరించినట్లు కాదు. కర్మాగారాలు, వర్షాధార పొలాలు, సరిహద్దు అవతలి గ్రామాలు – ఈ మూడింటి అవసరాలనూ ఒకే పరీవాహకపు నీటితో తూచవలసి ఉంటుంది.

శాసనానికి ఒక పరిమితి కూడా ఉన్నది. అది పాలకుని పక్షాన పలికినది. నేల వదులుకునే రైతు సమ్మతి దాని పన్నెండు అంగాలలో లేదు. నేటి ప్రణాళికలో ఆ సమ్మతికి నీటి లెక్కతో సమానమైన స్థానం ఉండాలి.