నంద్యాల – ఆళ్లగడ్డ రహదారి, రవాణా అనుసంధానం

హైదరాబాదు వైపు నుండి రాయలసీమ మీదుగా తమిళనాడుకు సాగే 40వ నెంబరు జాతీయ రహదారిపై నంద్యాల, ఆళ్లగడ్డ ప్రధాన పట్టణాలు. ఈ రెండింటి మధ్య దూరం సుమారు 40 కి.మీ.

మార్గం: కర్నూలు వద్ద 44వ నెంబరు జాతీయ రహదారి నుండి విడివడే ఈ రహదారి నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, కడప, రాయచోటి, చిత్తూరు మీదుగా రాణిపేట చేరుతుంది. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మార్చబడే వరకు కర్నూలు – చిత్తూరు మార్గం 18వ నెంబరుగా వ్యవహరింపబడింది. కర్నూలు – కడప భాగం అనంతరం నాలుగు వరుసలుగా విస్తరింపబడింది.

పూర్వరంగం: 19వ శతాబ్దంలో నిర్మింపబడిన కర్నూలు – కడప కాలువ సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కూడా ఉద్దేశింపబడినది. పడవల ప్రయాణం అంతరించిన పిదప కాలువ సేద్యానికే పరిమితమై, సరుకుల రవాణా భారం రోడ్డుపైన, రైలుపైన పడింది.

రైలు సౌకర్యం: గుంటూరు – గుంతకల్లు మార్గంలో గల నంద్యాల స్టేషను, బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్లకు వెళ్లే 123 కి.మీ. కొత్త లైను 2016 ఆగస్టులో ప్రారంభం కావడంతో జంక్షను అయింది. ఆళ్లగడ్డకు రైలు మార్గం లేదు. అందువలన అక్కడి శిల్పుల రాతి విగ్రహాలు, ప్రత్తి, ధాన్యం రోడ్డు మీదుగానే తరలుతాయి. రెండు పట్టణాలలోనూ ఆర్టీసీ డిపోలు ఉన్నాయి.

పుణ్యక్షేత్రాలు: నంద్యాలకు సుమారు 15 కి.మీ. దూరంలో మహానంది, ఆళ్లగడ్డకు సుమారు 25 కి.మీ. దూరంలో నవనారసింహ క్షేత్రమైన అహోబిలం ఉన్నాయి. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల సమయంలో అహోబిలం యాత్రికుల రద్దీ అధికం.

పరిపాలన: 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా ఏర్పడింది. అంతవరకు కలెక్టరు కార్యాలయం పనులకై నంద్యాల దాటి కర్నూలు వరకు వెళ్లవలసిన ఆళ్లగడ్డ ప్రజలకు ఈ 40 కి.మీ. ప్రయాణమే చాలుతున్నది.

భద్రత: 2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాల నుండి ఆళ్లగడ్డకు తిరిగి వస్తుండగా, రోడ్డుపై పోసిన ధాన్యపు రాశిని తప్పించబోయి కారు బోల్తాపడిన ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన శాసనసభ్యురాలు శ్రీమతి భూమా శోభానాగిరెడ్డి మరుసటి రోజు హైదరాబాదులో మరణించారు. కళ్లాలు, ఆరుబయలు స్థలాలు చాలనిచోట రైతులు తారురోడ్డుపైనే ధాన్యం ఆరబెట్టుకోవడం, రాత్రివేళ ఆ రాశులు దూరం నుండి కనబడకపోవడం ప్రమాదానికి దారితీస్తాయి. కోతల కాలంలో గ్రామాలకు చేరువలో కళ్లాల వసతి కల్పించడం రైతుకూ, ప్రయాణికునికీ ఒకేవిధంగా రక్షణ.